ముందు నీళ్ల దారి గీయండి
మోత్కూర్ పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

మోత్కూర్ పురపాలక సంఘం అధ్యక్షులకు, వార్డు సభ్యులకు, కమిషనర్ గారికి,

ఈ లేఖ చదివే నాటికి అధ్యక్ష కుర్చీలో ఎన్నికైనవారు ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా, నా విన్నపం ఆ కుర్చీకే. 2018లో మోత్కూర్ మున్సిపాలిటీ అయింది. కొండగడప లాంటి పక్క ఊళ్లు కూడా అందులో కలిశాయి. అప్పుడే పుట్టిన చిన్న మున్సిపాలిటీల్లో పనులు ఎలా నడుస్తాయో రాష్ట్రమంతా చూస్తూనే ఉంది. సీసీ రోడ్డుకు ఒక టెండరు, మోరీకి ఇంకొకటి, పార్కుకు మరొకటి. ఎవరి బిల్లు వారిది. ఇవన్నీ కలిసి చివరికి ఎలాంటి ఊరవుతాయో ముందుగా కాగితం మీద గీసి చూసేవారు ఉండరు. మోత్కూర్ ఇంకా చిన్నదే. గీసి చూడడానికి సమయం మించిపోలేదు. అందుకే రాస్తున్నాను. ఊరిని ఇలా ముందుగా గీసి చూసే పని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుది.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు అంటే లాన్ వేసి, క్రోటన్ మొక్కలు పెట్టి, ఫౌంటెన్ బిగించే మనిషి అని మనకొక అభిప్రాయం. ఆ చదువులో మొదట నేర్పేది వేరు. నేల ఎటు వాలింది, వాన నీరు ఏ దారిన పోతుంది, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ పడుతుంది, జనం ఎటు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు అన్నది ముందు చూడాలి. చూశాకే భవనాలకూ రోడ్లకూ చోటు చూపించాలి. ఈ పనికి మన దగ్గర కొత్తగా పేరొచ్చింది గాని, పని పాతదే.

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఇక్కడికి ఎంతో దూరం లేదు. కాకతీయుల కాలంలో అక్కడ పాలించిన కందూరు చోళులు ఉదయసముద్రం తవ్వించారు. చెరువు కింద పొలాలు, ఆ పొలాల మధ్య గుళ్లు, వాటిని ఆనుకుని ఊరు. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా నిలిచే నీడను చూడడానికి జనం ఇప్పటికీ వస్తారు. వెలుగు ఏ స్తంభం మీద పడి ఎటు చెదురుతుందో లెక్కగట్టగలిగిన మనుషులు, నీటి వాలు తెలియకుండా ఊరు కట్టి ఉండరు. ఆ చెరువే ఇవాళ ఎ.ఎం.ఆర్. సాగునీటి ప్రాజెక్టులో బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా పనిచేస్తోంది. వందల ఏళ్ల తరువాత వచ్చిన ఇంజనీర్లకు కూడా నీరు నిలపడానికి అంతకన్నా మంచి చోటు దొరకలేదు.

ఇంకొక పాత సాక్ష్యం కడప జిల్లాలో ఉంది. 1369లో, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించి శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. నేల చవిటిది కావడం ఒకటి. నీరు తక్కువై పారవలసిన భూమి ఎక్కువైనా దోషమే, అటుది ఇటైనా దోషమే. వీటితోపాటు ఇంకొకటుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు.

అది చదివినప్పుడు నాకు మన చెరువులే గుర్తొచ్చాయి. నీళ్లు, కట్ట, తూము ఇరిగేషన్ వారివి. శిఖం భూమి రెవెన్యూ వారిది. కట్ట మీద లైట్లు, కింద మోరీ మున్సిపాలిటీవి. చేపలు మత్స్యకార సంఘానివి. ఈ నాలుగు రాజ్యాల మధ్య సరిహద్దు రోజుకొక చోటికి జరుగుతూ ఉంటుంది. మత్తడి దారిలో ఎవరైనా మట్టి పోస్తే ఏ ఆఫీసుకు పోయి చెప్పాలో తెలియదు. చెప్పినా అది తమది కాదనే జవాబు వస్తుంది. పోరుమామిళ్ల శాసనం రాసినవారికి మున్సిపాలిటీలు తెలియవు, అయినా జబ్బు పోల్చారు.

చెరువుకు ఒకప్పుడు కాపలా అక్కర్లేకపోయింది. ఊరంతా దాని మీద బతికేది కాబట్టి ఊరే కాపలా. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసే నీరటి ఉండేవాడు. బోర్లు వచ్చాక పొలానికి చెరువు అవసరం సగం తగ్గింది. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన నల్లగొండకు నల్లా నీళ్లు రావడం ఎంత గొప్ప మేలో వేరే చెప్పనక్కర్లేదు. కాని ఆ నల్లా వచ్చాక చెరువు ఎండినా నిండినా ఇంట్లో తెలియని రోజులొచ్చాయి. నీరటి పని పోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేయాలని సంకల్పించారు. చాలా చోట్ల పూడిక తీశారు, తూములు బాగుచేశారు. మంచి పని. అయితే పూడిక తీస్తే చెరువులోకి నీరు వస్తుంది, మనిషి రాడు. మనిషి రోజూ చెరువు ముఖం చూసే కారణం ఒకటి కావాలి. ఊరి డిజైను చేయగలిగిన పని అదే.

ఇక్కడే ఒక భయం కూడా ఉంది. చెరువు సుందరీకరణ అనగానే రాష్ట్రంలో ఒకే బొమ్మ పదే పదే కనిపిస్తుంది. కట్ట మీద రంగు టైల్సు, స్టీలు రెయిలింగు, ఫైబరు జింకలు, 'ఐ లవ్' అని ఊరి పేరు రాసిన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, సెల్ఫీ దిగే గుండె బొమ్మ. ఒక గేటు, గేటుకు వేళలు. సిద్దిపేట కోమటి చెరువుకు రాష్ట్రంలో బాగా పేరొచ్చింది, సాయంత్రమైతే జనం కిటకిటలాడతారు, కాదనను. జిల్లా కేంద్రానికి అది సరిపోయింది. దాన్నే చిన్నదిగా చేసి మోత్కూర్‌లో పెడితే, చెరువు మీద నిజంగా ఆధారపడ్డవారే ముందు బయటికి పోతారు. బట్టలు ఉతికే రజకులు, వల వేసే ముదిరాజ్‌లు, ఎండాకాలం బర్లను నీళ్లలోకి తోలే పిల్లలు, కట్ట కింద తాళ్లెక్కే గౌడన్నలు. రెయిలింగు వీళ్ల దారికే అడ్డం పడుతుంది. చెరువుకు మిగిలిన ఆ నలుగురు కావలివాళ్లను మనమే తరిమి, తరువాత వాచ్‌మన్‌ను జీతానికి పెట్టుకుంటాం.

కాబట్టి చెరువు పని చేపడితే ముందు వాళ్లతో మొదలుపెట్టండి. చాకిరేవుకు రాళ్లు ఎక్కడ కావాలో ఉతికేవారే చెప్తారు. బర్లు దిగే చోట వాలు పొడుగ్గా, గరుగ్గా ఉండాలి, జారే టైల్సు అక్కడ పనికిరావు. బతుకమ్మ ఘాటు అని కట్టే మెట్లు చాలా చోట్ల నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. బతుకమ్మను రెండు చేతులా పట్టుకుని, చీర కుచ్చిళ్లు తడవకుండా, పక్కన మనవరాలిని కనిపెట్టుకుంటూ దిగే అరవై ఏళ్ల ఆమెను ఆ డ్రాయింగు గీసినాయన ఎన్నడూ చూసినట్టు లేదు. మెట్టు ఎత్తు తక్కువ, అడుగు పెట్టే వెడల్పు ఎక్కువ ఉండాలి. నీటిమట్టం ఏటా మారుతుంది కనుక మెట్లు లోపలిదాకా సాగాలి. సద్దుల బతుకమ్మ నాడు వందల మంది ఆడవాళ్లు గుంపుగా తిరిగి ఆడడానికి కట్ట పక్కన చదును నేల ఉండాలి. ఆ నేల మిగతా రోజుల్లో పిల్లలు కబడ్డీ ఆడుకునే చోటవుతుంది. ఇదంతా ఫైబరు జింకల కన్నా చౌక.

చెరువు నుంచి ఊళ్లోకి వద్దాం. మన నేల గుండ్లూ చల్కా. వాన ఏడాదికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల లోపే, అదీ కొద్ది రోజుల్లోనే కురిసి పోతుంది. ఇలాంటి నేలలో గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోస్తే రెండు నష్టాలు. ఎండాకాలం వీధి పొయ్యి మీద పెనంలా కాలుతుంది. వానాకాలం నీరు ఇంకడానికి చోటు లేక ఇళ్లలోకి వస్తుంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ వేయడంతో రోడ్డు లేచి ఇంటి గడప కిందికి పోయిన వీధులు తెలంగాణలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కొత్త రోడ్డుకు ఎస్టిమేటు వేసేటప్పుడు రెండు గీతలు అదనంగా గీయించండి. ఒకటి, పక్క ఇళ్ల గడపల ఎత్తు. రెండు, ఒక వైపు మూడడుగుల మట్టి పట్టీ. చెట్టు అందులోనే పెరుగుతుంది, నీరు అందులోనే ఇంకుతుంది.

చైనాలో యూ కాంగ్‌జియాన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు వరద నీటిని కాలువల్లో తరిమేయడం మాని నగరం నేలనే తాగనివ్వమని పట్టుబట్టి, చివరికి ఆ దేశ ప్రభుత్వం చేత దాన్ని విధానంగా ఒప్పించాడు. స్పాంజి నగరం అన్న పేరు అలా ప్రపంచమంతా పాకింది. 2025 సెప్టెంబరులో బ్రెజిల్‌లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. పల్లెలో పుట్టినవాడు, తన విద్యకు మూలం ఊరి కుంటలూ పొలం గట్లూ అని చెప్పుకునేవాడు. మన గొలుసుకట్టు చెరువులు చూసి ఉంటే ఏమనేవాడో. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి బిక్కేరు వాగుకు, మూసీకి చేరే ఏర్పాటు మనకు చేతికందిన ఆస్తి. ఆ గొలుసులో తెగేది చెరువు దగ్గర కాదు, చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న చిన్న కాలువ దగ్గర. వేసవిలో అది ఖాళీ జాగాలా కనిపిస్తుంది. వెంచర్ వేసినవారి కంటికి ప్లాటులా కనిపిస్తుంది.

చట్టం లేక కాదు. 2012 నాటి 168 నంబరు జీవో స్పష్టంగానే చెప్పింది. పది హెక్టార్లకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. చిన్న కాలువల పక్కన కూడా 2 మీటర్లు వదలాలి. హైదరాబాద్‌లో ఈ హద్దులు చెరిగిపోయాక, 2024లో ప్రభుత్వం హైడ్రా అనే సంస్థను పెట్టి బుల్డోజర్లు పంపవలసి వచ్చింది. ఆ కూల్చివేతల్లో తప్పెవరిదని ఇంకా కొట్లాడుకుంటున్నారు. ఇల్లు కట్టాక కూల్చడం కన్నా, ప్లాటు చేయకముందే గుంజ పాతడం ఎంత సులువో మీకు చెప్పనక్కర్లేదు. అయితే గుంజలకు కాళ్లొచ్చి నడిచిపోతాయి, మనందరికీ తెలుసు. అందుకే ఆ హద్దు మీద జనం నడిచే కాలిబాట వేయమంటున్నాను. ఆ రెండు, తొమ్మిది, ముప్పై మీటర్లే ఊరి చుట్టూ నీడదారి కావచ్చు. పొద్దున్నే బీపీ, షుగరున్నవాళ్లు నడిచే దారిని ఎవరూ రాత్రికి రాత్రి ప్లాటు చేయలేరు.

చెట్ల గురించి కొంచెం కటువుగా రాస్తున్నాను, మన్నించండి. హరితహారం మొక్కల పథకం ఊపులో మన పట్టణాల డివైడర్లన్నింటి మీదా కోనోకార్పస్ నిలబెట్టాం. త్వరగా పెరుగుతుంది, మేకలు ముట్టవు, ఫొటోకు పచ్చగా ఉంటుంది. ఆ తరువాత దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. కరెంటు తీగల కింద పెద్దచెట్లు నాటి, ఏటా కొమ్మలు నరికించడం మరో తమాషా. తీగల కింద పొట్టి రకాలు, తీగలు లేని వైపు వేప, చింత, కానుగ అని రాసుకుంటే చాలు. బడి పక్క నేరేడు, ఆసుపత్రి పక్క వేప. తాటిచెట్టును నీడ ఇవ్వదని కొట్టేయకండి, దాని మీద గౌడన్నల బతుకుంది.

చెట్టు ప్రాణాలు కూడా నిలుపుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచినప్పుడు, ఇవాళ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్యను పిలిచారు, జంట జలాశయాలు కట్టారు, 1912లో నగర అభివృద్ధి మండలి పెట్టి ఉద్యానవనాలూ వెడల్పు వీధులూ వేశారు. ఇన్ని చేసిన అదే నగరం మురుగు ఇవాళ అదే మూసీలో కలిసి మన జిల్లా పొలాల్లోకి వస్తోంది. నది ఒడ్డును అక్కడ అందంగా చేస్తామన్నప్పుడల్లా దిగువనున్న మనకు ఒక నవ్వు వస్తుంది.

మళ్లీ చెట్ల మాటకు వస్తే, అటవీ శాఖవారు మన యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, చౌటుప్పల్ దగ్గర, జపాన్ శాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతిని మన మొక్కలకు అనువుగా మార్చి చిక్కటి అడవి పెంచారు. రాష్ట్రంలో దానికి యాదాద్రి నమూనా అనే పేరు. క్షీణించిన అటవీ భూమికి అది బాగుంది. ఊరి నడుమ ఉన్న అరెకరం జాగాలో అలా నాటితే మనిషి లోపలికి పోలేడు, ఆడవాళ్లు పక్కనుంచి నడవడానికి భయపడతారు. ఊళ్లో చెట్టుకు కింద ఖాళీ ఉండాలి. అడవి కావాలంటే ఊరి బయట వదిలేయండి, నిజంగానే వదిలేయండి. సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ తన సొంత భూమి డెబ్బై ఎకరాలు అడవికి వదిలేశారు. ఫ్లోరైడ్ బాధితుల కోసం జలసాధన సమితితో ఏళ్లకేళ్లు పోరాడిన మనిషాయన. అక్కడ డిజైనంటూ లేదు. కుంటల్లో నీరు నిలుస్తుంది, పిట్టలు విత్తనాలు తెస్తాయి, మిగతాది కాలం చూసుకుంటుంది. మీ ఇంజనీరును, నర్సరీ చూసే ఉద్యోగిని ఒక రోజు అక్కడికి పంపండి.

ఇక కూర్చునే చోటు. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన పెద్ద భవనాల ముందున్న ఖాళీ స్థలాల్లో కెమెరాలు పెట్టి, ఏవి జనంతో నిండుతున్నాయో ఏవి ఎందుకు బోసిగా ఉన్నాయో ఏళ్ల తరబడి చూశాడు. తేలింది ఏమంటే, కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటున్నారు. మన రావిచెట్టు గద్దె మీది తాతనడిగినా ఇదే చెప్పేవాడు. కాని వైట్ మాట విని ఆ నగరం తన నిబంధనలే మార్చుకుంది. మన దగ్గర రోడ్డు వెడల్పు పని మొదలైతే మొదట పోయేది గద్దె. పొద్దున్నే కూలి కోసం అడ్డా మీద నిలబడే ఆడవాళ్లు, మార్కెట్ యార్డులో వడ్ల కాంటా కోసం రాత్రంతా కాచుకునే రైతు, బస్సు కోసం ఎండలో నిలబడే కాలేజీ పిల్లలు. ముందు వీళ్లకు నీడ, గద్దె, తాగునీరు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి చూపించాక, ఓపెన్ జిమ్ గురించి మాట్లాడుకుందాం.

తరువాత పిల్లలు ఆడుకునే చోటు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్నాక, అల్డో వాన్ ఐక్ అనే యువ ఆర్కిటెక్టు అక్కడి మున్సిపాలిటీలో ఉద్యోగిగా చేరాడు. 1947లో ఒక చిన్న కూడలిలో పిల్లల ఆటస్థలం వేశాడు. ఇసుక గుంట, నాలుగు రాళ్లు, పల్టీలు కొట్టే ఇనుప కమ్మీలు, బల్లలు. అంతే. అది చూసి పక్క వీధివారు మాకూ కావాలని మున్సిపాలిటీకి ఉత్తరాలు రాశారు. 1978 దాకా అలా ఏడు వందలకు పైగా ఆటస్థలాలు లేచాయి. ఇల్లు కూలిన ఖాళీ, రెండు గోడల మధ్య మూల, రోడ్డు మలుపులో మిగిలిన ముక్క – ఏదీ వదల్లేదు. చుట్టూ కంచెలు కట్టలేదు. ఊరికి ఒక పెద్ద పార్కు కట్టి మిగతా వాడలను మరచిపోవడం కన్నా ఇది ఎంత న్యాయమో చూడండి. మన లేఅవుట్ నిబంధనల ప్రకారం ప్రతి వెంచర్‌లోనూ పదో వంతు ఖాళీ స్థలం మున్సిపాలిటీ పేరున రాసివ్వాలి. మనకు ముక్కలకు కొదవ లేదు, వాటి జాబితాయే ఎవరి కంటా పడదు.

ఎవరిని అడిగి గీయాలన్న ప్రశ్న మిగిలింది. 2019 మున్సిపాలిటీల చట్టం దానికి దారి చూపింది. వార్డుకు నాలుగు కమిటీలు – యువకులు, మహిళలు, వృద్ధులు, ఊరి పెద్దలు – ఒక్కోదానిలో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది సలహాదారులు, జీతం లేకుండా. వీరిని పగటి పూట ఆఫీసు హాల్లోకి పిలిచి ప్రొజెక్టరు మీద బొమ్మలు చూపిస్తే, తల ఊపి, టీ తాగి వెళ్తారు. అలా కాకుండా సాయంత్రం ఆ స్థలం మీదికే పిలవండి. రెండు బస్తాల ముగ్గుపిండి తెప్పించండి. ఇంజనీరు తన డ్రాయింగును అక్కడే, నేల మీదే, అసలు కొలతలతో ముగ్గుగా పోయించాలి: ఇదిగో బాట, ఇదిగో గద్దె, ఇదిగో చెట్టు. జనం దాని మీద నడవాలి. ముగ్గు వేయడం వచ్చిన ఆడవాళ్లకు ఆ గీతలు మార్చడం క్షణాల పని, కాగితం మీద స్కేలు చదవలేనివారికి కూడా తప్పెక్కడుందో కాళ్లకు తెలిసిపోతుంది. ఒక వారం అలాగే వదిలేసి, ఎవరి బండి ఏ గీతను చెరిపిందో చూడండి. ఆ తరువాత టెండరు పిలవండి. దీనికయ్యే ఖర్చు ఒక శిలాఫలకం కన్నా తక్కువ.

డబ్బుల మాట కూడా అదే చట్టంలో ఉంది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ నిధిని గుంతలు తవ్వడానికీ ట్రీగార్డులకీ కాకుండా, మూడేళ్ల పాటు నీళ్లు పోసే మనిషి కూలికి ఎక్కువగా పెట్టండి. ప్రతి వార్డులో ఇద్దరు ఆడవాళ్లకు ఆ పని ఇస్తే, పాత నీరటి ఉద్యోగం కొత్తగా తిరిగొచ్చినట్టే.

నేను కోరేవి ఇప్పటికి రెండే. మొదటిది, మున్సిపాలిటీ పరిధిలో లేఅవుట్లు రాసిచ్చిన ఖాళీ స్థలాల జాబితాను – సర్వే నంబరు, గజాలు, హద్దులతో – ఆఫీసు గోడ మీద, తెలుగులో, అందరికీ కనిపించేలా రాయించండి. రెండోది, ఈసారి వానాకాలంలో తొలి పెద్ద వాన కురిసిన రోజు మీరు, ఇంజనీరు, ఇరిగేషన్, రెవెన్యూ అధికారులు కలిసి, గొడుగులు పట్టుకుని, నీరు పోయే దారి వెంట బిక్కేరు దాకా నడవండి. వార్డు కమిటీలవాళ్లం మీతో వస్తాం. నీరు ఎక్కడ ఆగితే అక్కడ ఎరుపు గుంజ, ఎక్కడ పారితే అక్కడ నీలం గుంజ పాతుదాం. మాస్టర్ ప్లాను మొదటి పటం ఆ గుంజలను చూసి గీయించండి. తేదీ ముందుగా చెప్పలేం గనుక, వాన పడ్డ రోజు పొద్దున్న మైకులో చెప్పిస్తే చాలు.

ఇట్లు
మోత్కూర్ మండలవాసి